ఓకే ఏ పక్కనుంటది?

మొన్న ఫిల్మ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కాను. తలుపు మూసుకోబోతుంటే, ఇస్త్రీ చేసిన షేర్వానీలను హ్యాంగర్లతో సహా రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఒకావిడ పరుగెత్తుకొస్తోంది. "ఆగండి, ఆగండి!" అంటోంది. నేను మర్యాదగా తలుపు తెరిచే బటన్ నొక్కాను. తలుపు టక్కున ఆవిడ ముఖం మీదే మూసుకుపోయింది. లిఫ్ట్ పైకి పోతుంటే వంగి చూశాను. మామూలుగా తెరిచే బటన్ ఉండే చోట ఆ లిఫ్ట్‌లో మూసే బటన్ ఉంది. పైన దిగాక, మెట్ల మీదుగా కిందికి పోయి ఆవిడకు క్షమాపణ చెప్పుకుందామా అని ఆలోచిస్తూ నిలబడ్డవాణ్ని, ఉన్నట్టుండి ఒక్కణ్నే నవ్వుకున్నాను. అక్క గుర్తొచ్చింది. అక్క పక్కనుంటే నన్ను ఒక్క మాట అనేది కాదు. లిఫ్ట్‌ను తిట్టేది.

"నీ చెయ్యి తప్పేం లేదు బిడ్డా. చెయ్యి దానికి తెలిసిన కాడికే పోతది. దీన్ని గీడ పెట్టినోడెవడో వాణ్ని పట్టుకొచ్చి అడగాలె."

అక్క పోయి రెండేళ్లు దాటింది. ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా మా ఆఫీసులో సగం మందికి అది ఎవరో తెలియదు. అందరికీ ఆమె అక్కే. ఆమెకన్నా వయసులో పెద్దవారైన మా యజమాని సుధాకర్ గారు కూడా "అక్కగారూ" అనే పిలిచేవారు.

మా ఆఫీసు ఫిల్మ్‌నగర్‌లో ఒక సందులో, సినిమా దుస్తులు అద్దెకిచ్చే దుకాణం పైన ఉండేది. కిటికీలోంచి చూస్తే రాజుగారి కిరీటాలు ఎండలో ఆరుతూ కనిపించేవి. మేం డబ్బింగ్ థియేటర్లకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. తెర మీద బొమ్మ నడుస్తుంటే ఆర్టిస్టు గొంతు రికార్డు చెయ్యడం, బాగున్న టేక్ ఉంచుకోవడం, బాగాలేనిది తీసెయ్యడం, అంతే దాని పని. లోపలి కోడ్ రాసేది నేను. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఏది ఎక్కడ కనబడాలి, ఏ బటన్ ఏ పక్కనుండాలి అన్నది చూసేది అక్క. ఆమె విజిటింగ్ కార్డు మీద ఇంగ్లీషులో ఏదో పెద్ద హోదా ఉండేది కానీ, ఎవరైనా అడిగితే "ఇల్లు సర్దే పని" అనేది.

నేను చేరిన మొదటి రోజే ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వేనా కొత్తగా వచ్చినోనివి? ఏ ఊరు మీది?"

"తణుకు పక్కనండీ."

"అండీ గిండీ బంద్ చెయ్యి. అక్క అను. జర గీడికి రా."

తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, చీర కొంగు తీసి కంప్యూటర్ తెర మీద పరదాలా కప్పింది. "నువ్వొక ఫైలు మూస్తున్నవ్ అనుకో. సేవ్ చెయ్యాల్నా అని అడిగింది. చెప్పు, సేవ్ ఏడ నొక్కుతవ్?"

నేను ఆలోచించకుండానే కొంగు మీద ఒకచోట వేలు పెట్టాను. ఆమె కొంగు లాగేసింది. నా వేలి కింద "సేవ్ చెయ్యొద్దు" అని ఉంది. బటన్లను ముందే కావాలని అటూ ఇటూ మార్చి పెట్టిందన్నమాట. నా ముఖం చూసి కుర్చీ వీపు పట్టుకుని నవ్వింది. అక్క నవ్వు కింది దుకాణం దాకా వినిపించేది. వాళ్లు కూడా కారణం తెలియకుండానే నవ్వేవారు.

"చూసినవా? నువ్వు చూడకముందే నీ వేలు పోయింది. చెయ్యి ముందు పోతది, కండ్లు తర్వాత పోతయి. పొద్దంత అందరి చేతులు గిట్లనే పోతుంటయి. ఆ చేతుల తరఫున మాట్లాడనీకి గీ ఆఫీసుల నేనొక్కదాన్నే ఉన్న. గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకోక తప్పింది కాదు. ఆమె ఎక్కడికెళ్లినా ఇదే గొడవ. హోటల్లో చేతులు కడుక్కోవడానికి పోతే వేడి నీళ్ల కొళాయి ఏ పక్కన ఉందో చూసి, తేడాగా ఉంటే మేనేజర్‌ని పిలిపించేది. తలుపు మీద లాగాలని రాసి ఉండి, తోస్తేనే తెరుచుకుంటే, ఆ తలుపుతో ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడేది: "నీకే తెల్వదు నువ్వెటు తెరుచుకుంటవో. నాకెట్ల తెలుస్తది?" కొత్త రిమోట్ చేతికిస్తే ముందు కళ్లు మూసుకుని తడిమి చూసేది.

ఆమె పర్సులో ఎప్పుడూ ఎర్ర బొట్టుబిళ్లల అట్ట ఒకటి ఉండేది. నుదుటికి మాత్రమే కాదు. మేం పొద్దున పూట టిఫిన్ తినే బండి పక్కనే చిన్న గది ఉండేది. అక్కడ గోడకు వరసగా ఒకేలాంటి స్విచ్చులు. ఫ్యాన్ కావాలని ఎవరైనా అడిగితే బండి యజమాని అన్నీ టకటకా నొక్కి, లైట్లన్నీ ఆర్పి, చివరికి ఫ్యాన్ వేసేవాడు. ఒకరోజు అక్క లేచి ఒక స్విచ్చు మీద బొట్టుబిళ్ల అతికించి, "గిది ఫ్యాన్. ఇగ పరేషాన్ కావద్దు" అని చెప్పి వచ్చింది. మర్నాడు వెళ్తే ఆయన ముఖం మాడ్చుకుని ఉన్నాడు. అది ఫ్యాన్ స్విచ్చు కాదు, ఫ్రిజ్‌ది. సాయంత్రం బండి కట్టేసేటప్పుడు ఫ్యాన్ అనుకుని, పైకి చూడకుండానే ఆర్పేశాడు. పెరుగంతా పులిసిపోయింది. ఆ వారమంతా అక్క ఆ పులిసిన పెరుగే కొనుక్కొచ్చి ఆఫీసులో మా అందరిచేతా మజ్జిగపులుసు తినిపించింది.

ఆమె బల్ల మీద రెండు కంప్యూటర్లుండేవి. ఒకటి విండోస్, ఒకటి మ్యాక్. కుర్చీ అటు తిప్పి కాసేపు, ఇటు తిప్పి కాసేపు పనిచేసేది. ఈ రెండింటికీ ఒక విషయంలో పొసగదు. ఏదైనా ప్రశ్న అడిగే చిన్న పెట్టె తెర మీదికి వచ్చినప్పుడు, విండోస్‌లో ఓకే ఎడమ పక్క, క్యాన్సిల్ కుడి పక్క ఉంటాయి. మ్యాక్‌లో తిరగబడుతుంది. క్యాన్సిల్ ఎడమకు, ఓకే కుడి చివరకు పోతాయి. రెండింటిలో ఏది మంచిదని నేనొకసారి అడిగాను.

"మంచేంది, చెడేంది? ఆ ఇల్లు గట్ల, ఈ ఇల్లు గిట్ల. మనం ఇంటోళ్లం కాదు బిడ్డా, కిరాయికుండేటోళ్లం. విండోస్ ఇంట్ల ఉన్నప్పుడు విండోస్ తీరు, మ్యాక్ ఇంట్ల ఉన్నప్పుడు మ్యాక్ తీరు. వచ్చినోళ్లు ఆ ఇంటికి అలవాటైన మనుషులు. చీకట్ల కూడా స్విచ్చు ఏడుందో వాళ్లకెరుక. మనమొచ్చి స్విచ్చు ఇంకో గోడకు పెడితే ఎట్ల?"

ఈ మాట మీదే ఆ ఏడాది ఆఫీసులో పెద్ద యుద్ధం జరిగింది.

అప్పటిదాకా మా సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడిచేది. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద స్టూడియోవాళ్లు, వాళ్ల దగ్గర అన్నీ మ్యాక్‌లే కాబట్టి, మ్యాక్‌లో చేసిస్తే చూస్తామన్నారు. అది వస్తే మా చిన్న కంపెనీ నిలబడుతుంది. రాకపోతే కింది దుకాణంలో కిరీటాలు తుడిచే పని చూసుకోవాలని మాలో మేం నవ్వుకునేవాళ్లం గానీ, ఆ నవ్వు వెనక భయం ఉండేది. సుధాకర్ గారికి ఇంకా ఎక్కువ. ఆయన గుంటూరువైపు మనిషి. చాలాకాలం సినిమాల్లో సౌండ్ రికార్డిస్టుగా చేసి, ఉన్నదంతా ఈ కంపెనీలో పెట్టారు. మంచివారు. నడుస్తున్నదాన్ని కదిలించాలంటే మాత్రం ఆయనకు చేతులాడేవి కావు.

యుద్ధమంతా మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గరే.

"ఒకటే సాఫ్ట్‌వేర్ కదండీ అక్కగారూ. అక్కడొక రకంగా, ఇక్కడొక రకంగా ఉంటే నేర్పేవాడికి పిచ్చెక్కిపోదా? వీడియోలు రెండు రకాలు చెయ్యాలి. ఎవరైనా ఫోన్ చేస్తే ఎడమ పక్క నొక్కమనాలా, కుడి పక్క నొక్కమనాలా?"

"ఏ పక్కా చెప్పకుర్రి సార్. ఓకే నొక్కుమని చెప్పుర్రి. వాళ్లకు చదవొస్తది." అంటూనే అక్క ఆయన పళ్లెంలో చింతచిగురు పప్పు వడ్డించేది. "మనదొక్కటే పెట్టుకొని కూసుంటరా వాళ్లు? ఆ మిషన్ల పొద్దంత తీరుతీర్ల పనులు చేస్తరు. అన్నిట్ల ఓకే కుడికుంటే, మనదాంట్ల ఒక్కదాంట్ల ఎడమకా?"

"అలవాటు చేసుకుంటారండీ."

"ఎందుకు చేసుకోవాలె సార్?"

సుధాకర్ గారు కాసేపు తిని, "పప్పు బ్రహ్మాండంగా ఉంది. బటన్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి" అని లేచి చెయ్యి కడుక్కునేవారు. మర్నాడు ఆమె బీరకాయ కూర తెచ్చేది. మళ్లీ అదే మాట. ఇద్దరూ ఒక్కసారైనా గొంతు పెంచలేదు. ఇద్దరిలో ఒక్కరైనా ఒక్క మెట్టు దిగలేదు.

చివరికి సుధాకర్ గారే ఒక పందెం పెట్టారు. కృష్ణానగర్‌లో యాదగిరి అని మాకు బాగా తెలిసిన రికార్డింగ్ ఇంజనీరు ఉన్నాడు. అతని డబ్బింగ్ థియేటర్లో మ్యాకే వాడతారు. మా మ్యాక్ సాఫ్ట్‌వేర్‌ను, బటన్లు విండోస్ పద్ధతిలోనే ఉంచి, ఒక పూట అతనికిద్దాం. ఏ ఇబ్బందీ రాకపోతే అక్క ఇక ఈ మాట ఎత్తకూడదు. ఇబ్బంది వస్తే ఆమె చెప్పినట్టే చేద్దాం.

"సరే సార్" అంది అక్క, చాలా హుషారుగా.

ఆ పూట ఒక సినిమాలో హీరో తల్లికి డబ్బింగ్. గొంతిచ్చేది ఒక పెద్దావిడ. ఎందరు హీరోల తల్లులకు ఆవిడ గొంతిచ్చిందో లెక్కలేదు. యూసుఫ్‌గూడ బస్టాపులో నిలబడితే మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. చెప్పులు బయట విడిచి, చప్పుడవుతాయని గాజులు తీసి చేతిరుమాల్లో మూటగట్టి, అద్దం అవతలి గదిలో మైకు ముందు నిలబడింది. అద్దానికి ఇవతల మేం ఉన్నాం. యాదగిరి కంప్యూటర్ ముందు, పక్కన ఆ సినిమా కో-డైరెక్టర్, వెనకాల సోఫాలో సుధాకర్ గారు, అక్క, నేను.

ప్రతి టేక్ అయ్యాక తెర మీద చిన్న పెట్టె వచ్చి, ఈ టేక్ ఉంచాలా అని అడుగుతుంది. ఓకే కొడితే ఉంటుంది. క్యాన్సిల్ కొడితే పోతుంది. మొదట్లో యాదగిరి చూసుకుని, వేలు ఆపి, ఎడమ పక్కనున్న ఓకే కొడుతూ వచ్చాడు. ఒక్క తప్పూ పోలేదు. సుధాకర్ గారు అక్కవైపు చూసి కనుబొమలు ఎగరేశారు. అక్క బింకంగా సీలింగ్ వైపు చూస్తూ కూర్చుంది.

తర్వాత అసలు సీను వచ్చింది. కొడుకు తప్పు చేసి ఇంటికొస్తాడు. తల్లి తలుపు తియ్యదు. తలుపుకు ఇవతల నిలబడి తిట్టి, తిట్టి, చివరికి అన్నం తిన్నావా అని అడుగుతుంది. పొడుగాటి డైలాగు. ఆవిడ ఒక్క గుక్కలో అందుకుంది. తిట్లలోనే గొంతు వణకడం మొదలుపెట్టింది. అన్నం అనే మాట దగ్గరికొచ్చేసరికి ఏడుపు బయటికి రాకుండా మింగింది. ఆ మింగిన చప్పుడు మా స్పీకర్లలో వినబడింది. నా కళ్లు తడిసింది సుధాకర్ గారికి కనబడకుండా నేను నేల చూపులు చూస్తున్నాను.

కో-డైరెక్టర్ కుర్చీలోంచి లేచి అరిచాడు. "ఓకే! అమ్మా, ఓకే! అంతే, అదీ!"

యాదగిరి కూడా కళ్లు తుడుచుకుంటున్నాడు. ఎడమ చేత్తో తుడుచుకుంటూ కుడి చేత్తో మౌస్ కదిపి, రోజూ ఓకే ఉండే చోట, కుడి మూలన నొక్కాడు.

తర్వాత అతని వీపు బిగుసుకుపోవడం నేను చూశాను.

"అన్నా," అన్నాడు, ఎవరినీ చూడకుండా. "పోయింది."

"ఏం పోయింది?" అన్నాడు కో-డైరెక్టర్.

"టేక్. క్యాన్సిల్ అయింది."

అద్దం అవతల నుంచి పెద్దావిడ అడిగింది. "ఏంటి నాయనా? బాగా రాలేదా?"

"బాగొచ్చిందమ్మా," అన్నాడు యాదగిరి, ఏడుపు గొంతుతో. "మస్తుగొచ్చింది. గని పోయింది."

నేను అక్క ముఖం చూశాను. ఇన్ని రోజుల పోరాటం తర్వాత గెలిచింది కదా, కనీసం ఒక చిరునవ్వు ఉంటుందనుకున్నాను. లేదు. ముఖం పాలిపోయి ఉంది. లేచి, ఆ బరువైన తలుపు తోసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. మైకు ఆన్‌లోనే ఉంది. అందుకని వాళ్లిద్దరూ మాట్లాడుకున్న ప్రతి మాటా మాకు స్పీకర్లలో వినిపించింది.

"అమ్మా, తప్పు మీది గాదు. ఆ పిలగానిది గూడ గాదు. ఓకే ఉండాల్సిన జాగల క్యాన్సిల్ పెట్టినం. అతని చెయ్యి తెలిసిన కాడికి పోయింది."

"ఎవరు పెట్టారమ్మా అలా?"

అక్క ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఆమె ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు.

"మేమే అమ్మా. ఈ సాఫ్ట్‌వేర్ మాదే."

సోఫాలోంచి సుధాకర్ గారు లేచారు. యాదగిరి పక్కకొచ్చి లోపలికి మాట్లాడే బటన్ నొక్కి, మైకులోకి వంగారు. "నేనండీ. నేను పెట్టించాను. ఆవిడ వద్దు వద్దంటూనే ఉంది, నేనే వినలేదు."

లోపలి నుంచి ఫ్లాస్కు మూత తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ఓకే అన్నాక క్యాన్సిల్ అవడం నాకేం కొత్త కాదులెండి," అంది పెద్దావిడ. "ఎన్ని సినిమాలకి గొంతు ఓకే అన్నారు! తీరా హాల్లో చూస్తే వేరేవాళ్ల గొంతు. ఎందుకు తీసేశారో ఒక్కరు చెప్పలేదు. మీరు నయం. ఇద్దరు పోటీపడి మరీ తప్పు మీద వేసుకుంటున్నారు." తర్వాత నవ్వింది. ఇందాక ఏడ్చిన గొంతేనా అనిపించింది. "ఈ నీళ్లు చల్లారిపోయాయి. కాస్త వేడి నీళ్లు ఇప్పించండి. మళ్లీ ఏడుస్తాను."

వేడి నీళ్లు అక్కే తెచ్చింది. ఆవిడ మళ్లీ చెప్పింది. కో-డైరెక్టర్ రెండోదే ఇంకా బాగుందన్నాడు. నాకు తేడా తెలియలేదు. అక్క మాత్రం బతికున్నన్నాళ్లూ మొదటిదే బాగుందని అనేది.

బయటికొచ్చాం. సందు నిండా ఆటోలు, బైకులు. షూటింగ్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు పోలీసు బట్టల్లోనే నిలబడి టీ తాగుతున్నారు. వాళ్లను దాటుకుంటూ సుధాకర్ గారు అన్నారు, "గెలిచారు కదండీ అక్కగారూ. సంతోషమేనా?"

"ఏం గెలుపు సార్ ఇది? ఆమె ఏడ్సిన ఏడుపు పోయింది. అతను తప్పు కొడతడని నాకెరుక. ఎప్పుడు కొడతడా అని చూసుకుంట కూసున్న. పందానికి ఒప్పుకునుడే నాది బుద్ధిలేని పని."

అంత బాధగా ఆమె మాట్లాడటం నేనదే మొదటిసారి వినడం. సుధాకర్ గారు ఆమె చేతిలోని సంచీ తీసుకుని తను మోశారు. ఆయన స్కూటర్ దగ్గరికొచ్చాక, "మ్యాక్‌లో మ్యాక్ లాగే చేసెయ్యండి. నన్ను అడక్కండి" అన్నారు.

అక్క అప్పుడు నావైపు తిరిగింది. "నువ్వు ఇంకోటి చెయ్యాలె. క్యాన్సిల్ కొట్టినా టేక్ ఎటూ పోవద్దు. ఓ మూలకు దాచిపెట్టు. ఏ చెయ్యి అయినా ఎప్పుడో ఒకప్పుడు జారుతది."

అలాగే చేశాను. తర్వాత కొన్ని నెలలు ఆమె నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఓకే, క్యాన్సిల్ ఒక్కటే కాదు. తెర మీద తెరిచిన కిటికీని మూసే గుర్తు విండోస్‌లో కుడి మూలన ఉంటే మ్యాక్‌లో ఎడమ మూలన ఉంటుంది. సెట్టింగులు వేరే మెనూలో ఉంటాయి. కీబోర్డు మీద నొక్కే మీటలు వేరు. ఒక్కొక్కటీ మార్చడం, ఆమె కొంగు కప్పడం, ఆఫీసులో ఎవరో ఒకర్ని పిలిచి కొంగు మీద వేలు పెట్టమనడం, సరైన చోట పడితే "శభాష్" అనడం. వేలు పెట్టినవాడు తననే మెచ్చుకుందని మురిసిపోయేవాడు. ఆమె అనేది బటన్‌ని. కింది దుకాణంలో కిరీటాలు తుడిచే ఆయన కూడా పైకొచ్చి రెండు మూడుసార్లు వేలు పెట్టి వెళ్లాడు.

జూబ్లీహిల్స్ స్టూడియోకి వెళ్లిన రోజు ముగ్గురం ఒకే ఆటోలో ఇరుక్కుని వెళ్లాం. సుధాకర్ గారు దారంతా తను చెప్పబోయే మాటలు పెదవుల్లో వల్లె వేసుకుంటున్నారు. అక్కడి సౌండ్ హెడ్ మమ్మల్ని కూర్చోమని, నేను అతని మిషన్లో మా సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే, మేమేం చెప్పకముందే మౌస్ తీసుకున్నాడు. అదే సమయానికి అతనికి ఫోన్ వచ్చింది. ఇంట్లో పెళ్లి వంటల గురించి. ఫోన్ భుజానికి, చెవికి మధ్య నొక్కిపెట్టి, "గుత్తి వంకాయ పెట్టించండి, పనసకాయ వద్దు" అంటూనే మా సాఫ్ట్‌వేర్‌లో ఒక టేక్ రికార్డు చేశాడు. ఉంచాడు. ఇంకొకటి చేశాడు. తీసేశాడు. తీసేసిందాన్ని మూలలోంచి మళ్లీ వెనక్కి తెచ్చాడు. తెర వైపు సగం చూపే. ఒక్కచోట కూడా చెయ్యి ఆగలేదు.

ఫోన్ పెట్టేసి మావైపు తిరిగాడు. "కొత్తగా ఏం కనిపించట్లేదేంటండీ?"

సుధాకర్ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను ఏదో చెప్పబోతే, అక్క బల్ల కింద నా కాలు తొక్కింది.

"ఎప్పట్నుంచో నా మిషన్లోనే ఉన్నట్టుంది," అన్నాడు సౌండ్ హెడ్ మళ్లీ మౌస్ కదుపుతూ. "ఏం నేర్చుకోవక్కర్లేదు. సరే, అన్ని గదుల్లోనూ పెట్టెయ్యండి."

బయటికొచ్చి గేటు దాటేదాకా ముగ్గురం బుద్ధిగా నడిచాం. దాటాక సుధాకర్ గారు ఉండబట్టలేక అడిగారు. "ఇన్ని నెలలు రాత్రీ పగలూ చేస్తే, కొత్తగా ఏం లేదంటాడేంటండీ ఆయన?"

అక్కకు నవ్వు ఆగలేదు. పక్కనే ఎవరిదో స్కూటర్ ఆపి ఉంటే దాని మీద కూలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "సార్, నా నౌకరీ మొత్తంల గంత మంచి మాట నన్ను ఎవ్వరూ అనలేదు సార్!" ఆ స్కూటర్ తాలూకు మనిషి వచ్చి నిలబడ్డా ఆమె లేవలేదు. చివరికి ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టాడు.

తర్వాత కొన్నాళ్లకు ఆమె కంటికి శుక్లం వచ్చింది. ఆపరేషన్ అయ్యాక వెంగళరావు నగర్‌లో వాళ్ల అక్కగారింట్లో ఉందని తెలిసి చూడటానికి వెళ్లాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వసారాలో కూర్చుని ఉంది. "ఎట్లున్న? హీరోయిన్ లెక్క లేనా?" అంది. వాళ్ల అక్కగారు లోపలి నుంచి, "నీళ్లు తగలొద్దన్నడు, పొగ తగలొద్దన్నడు, మాట్లాడొద్దని మాత్రం చెప్పలేదు ఆ డాక్టరు" అని అరిచింది. మా అందరికీ అక్క అయిన మనిషి ఆ ఇంట్లో చెల్లెలైపోయి, ఎదురు చెప్పకుండా కూర్చోవడం నాకు వింతగా ఉంది.

అంత బుద్ధి ఎక్కువసేపు నిలవలేదు. వాళ్ల అక్కగారు గుడికి బయల్దేరగానే టీ పెడతానని అక్క లేచింది. వద్దంటే వినలేదు. వంటింట్లో డబ్బాలు తడిమింది, మూతలు తీసి వాసన చూసింది, పెట్టేసింది, మళ్లీ తీసింది. చివరికి రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. మొదటి గుక్కకే ఇద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. దాంట్లో చక్కెరతోపాటు చారుపొడి కూడా పడింది.

"మా ఇంట్ల చక్కెర పొయ్యికి ఎడమ పక్కనుంటది," అంది దగ్గు మధ్య నవ్వుతూ.

"ఇక్కడ కూడా అలాగే సర్దించుకోవచ్చు కదక్కా, ఉన్నన్నాళ్లు?"

ఆమె గొంతు తగ్గించింది, గుడికి వెళ్లినావిడకు వినబడుతుందేమో అన్నట్టు. "ఇది మా అక్క ఇల్లు. ఆమె చెయ్యి ముప్పయ్యేండ్ల సంది ఈ వంటింట్ల తిరుగుతుంది. నాలుగు దినాలుండి పోయేదానికి నేనొచ్చి డబ్బాలు జరిపితే, ఆమె చారుల చక్కెర పడదా? నేనే నేర్చుకుంట తియ్యి."

మరికొన్నాళ్లకు మళ్లీ వెళ్లాను. నల్లద్దాలు ఇంకా తియ్యలేదు. ఈసారి వాళ్ల అక్కగారు వసారాలో పేపరు చదువుకుంటున్నారు. అక్కా నేనూ వంటింట్లో ఉన్నాం. ఆసుపత్రిలో తన పక్క మంచం మీదున్నామె ఇంకొకరి చుక్కల మందు పొరపాటున తన కంట్లో వేసుకోబోయిన కథ చెబుతోంది. సీసాలన్నీ ఒకేలా ఉన్నాయట, మూతల రంగు కూడా ఒకటేనట, నర్సును పిలిచి గట్టిగా అడిగిందట. నర్సులా ఒకసారి, తనలా ఒకసారి గొంతు మార్చి చెబుతూ, ముఖం నావైపే తిప్పి నిలబడింది. పొయ్యి మీద టీ పొంగుతోంది. కథ ఆపకుండానే కుడి చెయ్యి వెనక్కి చాచి, తలపైనున్న అరలో మూడు డబ్బాలు దాటించి నాలుగో డబ్బా అందుకుంది. మూత తీసింది, చెంచాతో వేసింది, మూత పెట్టి మళ్లీ అక్కడే పెట్టేసింది.

తను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. నేనూ చెప్పలేదు.

"తర్వాత నర్సు ఏమందక్కా?" అన్నాను, గ్లాసు అందుకుంటూ.

టీలో చక్కెర సరిగ్గా సరిపోయింది.